టీ పొడి డబ్బాతో ఇంకేం చేయవచ్చు? పానీయాలు, వంటలపై తరచుగా అడిగే ప్రశ్నలు

రోజుకు రెండు మూడు సార్లు తెరిచే డబ్బా అది. పాలు, చక్కెర, తోచిన రోజున అల్లం వేసి మళ్లీ మూత పెట్టేస్తాం. ఆ పొడిని చల్లని పానీయాల్లో, కూరల్లో, కేకుల్లో, గుడ్లతో ఎలా వాడుకోవచ్చో అడిగేవారి కోసం ఈ ప్రశ్నలు, జవాబులు.

తేయాకును వంటలో వేస్తే ఏ రుచి వస్తుంది?

ముందుగా తెలిసేది వగరు. ఉగాది పచ్చడిలో మామిడి పిందె ఇచ్చేది ఆ జాతి రుచే. దాని వెనక కొంచెం చేదు, వేయించిన గింజల వాసన ఉంటాయి. ఈ వగరు తేయాకులోని పాలీఫెనాల్స్ వల్ల వస్తుంది. వాడుకలో వీటినే టానిన్లు అంటున్నాం. ఇవి లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడంతో నాలుక బిగిసినట్టు అనిపిస్తుంది. టీలో పాలు పోస్తే వాటికి పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ దొరుకుతుంది, నాలుక బతికిపోతుంది.

వంటలోనూ ఇదే సూత్రం. వగరు ఒంటరిగా ఉండకూడదు. పక్కన కొవ్వో, తీపో, ఉప్పో ఉండాలి. మీగడ, గుడ్డు, కొబ్బరిపాలు, బెల్లం, ఎండుద్రాక్ష, సోయా సాస్‌తో తేయాకు చక్కగా కలిసిపోతుంది. చింతపండు పులుసుతో మాత్రం పడదు. పులుపు, వగరు ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి. టీ రసం, టీ పులుసు లాంటి ప్రయోగాల జోలికి పోవద్దని నా సలహా.

ఇంట్లో ఉన్న మామూలు టీ పొడి సరిపోతుందా? ప్రత్యేకంగా ఏమైనా కొనాలా?

చాలా వంటలకు సరిపోతుంది. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది సీటీసీ పొడి. ఆకును యంత్రంలో నలిపి, చింపి, ఉండలుగా చుట్టిన రకం ఇది. రంగు త్వరగా దిగుతుంది, ఘాటు ఎక్కువ. శనగల కూరకు, టీ గుడ్లకు, పాలతో చేసే వాటికి ఇదే మేలు. పాలు లేని చల్లని టీకి, పాయసానికి, కేకుకు అయితే ఆకుగా ఉండే టీ మంచిది. నలగని ఆకు నుంచి వగరు నెమ్మదిగా దిగుతుంది, సువాసన ముందు వస్తుంది.

ఒక్క రకమే కొనగలిగితే నీలగిరి ఆకు టీ కొనండి. డార్జిలింగ్ టీ 2004లో మన దేశంలో మొట్టమొదటి భౌగోళిక గుర్తింపు అందుకున్న ఘనమైన సరుకే. కానీ దాన్ని కూరలో ఉడికించడం డబ్బును ఉడికించడమే. కృత్రిమ సువాసనలు కలిపిన టీ సంచులను కూడా వంటకు వాడకండి. వేడి తగిలిన కాసేపటికి ఆ వాసన సబ్బును గుర్తుచేస్తుంది.

డికాక్షన్ చేదెక్కకుండా ఎలా తీయాలి?

చిక్కగా కావాలంటే పొడి పెంచండి, మరిగించే సమయం పెంచకండి. వంటకు వాడే డికాక్షన్‌కు కప్పు నీళ్లకు రెండు చెంచాల పొడి వేసి, పొయ్యి కట్టేసి, మూతపెట్టి నాలుగైదు నిమిషాలు ఉంచితే చాలు. గ్రీన్ టీకి మరిగే నీళ్లు అసలు పనికిరావు. డెబ్బై అయిదు, ఎనభై డిగ్రీల దగ్గర పోయాలి. థర్మామీటర్ లేకపోతే మరిగిన నీళ్లను వేరే గిన్నెలోకి ఒంపి, కాసేపు ఆరనిచ్చి అప్పుడు ఆకు వేయండి. వడకట్టాక పిప్పిని గరిటెతో నొక్కి పిండే అలవాటు చాలామందికి ఉంది. చేదంతా ఆ చివరి చుక్కల్లోనే ఉంటుంది.

మా బోరు నీళ్లతో పాలు లేని టీ పెడితే పైన తెట్టు కడుతోంది. పొడి కల్తీదా?

పొడిది తప్పు కాకపోవచ్చు. కఠిన జలంలోని కాల్షియం, బైకార్బనేట్లు తేయాకు పదార్థాలతో కలిసి గాలి తగిలే చోట అలా పొరలా కడతాయి. వడపోసిన తాగునీరు వాడితే పోతుంది. నాలుగు చుక్కల నిమ్మరసం పిండినా ఆ పొర ఏర్పడదు.

ఇరానీ చాయ్ ఇంట్లో కుదురుతుందా?

హైదరాబాద్ ఇరానీ హోటళ్లలో దొరికే రుచి అచ్చంగా రాకపోయినా, దగ్గరగా వస్తుంది. కిటుకల్లా పాలను, డికాక్షన్‌ను వేరువేరుగా కాచడంలో ఉంది. మందపాటి గిన్నెలో మూడు కప్పుల నీళ్లు, మూడు పెద్ద చెంచాల టీ పొడి, రెండు చెంచాల చక్కెర వేయండి. మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి, ఆవిరి బయటికి పోకుండా చాలా సన్నని మంట మీద ఇరవై నిమిషాలకు పైగా ఉంచండి. చిక్కని పాలను మరో పొయ్యి మీద కలుపుతూ సగానికి దగ్గరగా మరిగించండి. తొందరైతే పాలలో కాస్త కోవా గానీ కండెన్స్‌డ్ మిల్క్ గానీ కలుపుకోవచ్చు. కప్పులో ముందు డికాక్షన్, దాని మీద పాలు పోయాలి.

చేదు గురించి పైన చెప్పినదానికి ఇది విరుద్ధం కదా అని అడుగుతారు. నిజమే. ఇంతసేపు మగ్గిన డికాక్షన్‌ను ఉత్తగా తాగలేరు. అంత వగరును మోయడానికే అంత చిక్కని పాలు, అంత తీపి. పక్కన ఉప్పూ తీపీ కలిసిన ఉస్మానియా బిస్కెట్ ఉండటమూ ఊరికే కాదు.

అల్లం టీలో, బెల్లం టీలో పాలు విరుగుతున్నాయి. ఎందుకు?

రెండింటికీ కారణాలు వేరు. పచ్చి అల్లంలో ప్రోటీన్లను విరిచే ఎంజైమ్ ఉంటుంది. దంచిన అల్లాన్ని ముందు నీళ్లలో బాగా మరిగిస్తే దాని పని అయిపోతుంది, ఆ తర్వాత పాలు పోయండి. బెల్లంలో కాస్త పులుపు, లవణాలు ఉంటాయి. కాబట్టి పాలతో కలిపి మరిగించకూడదు. పొయ్యి కట్టేశాక, పొంగు పూర్తిగా చల్లారాక తురిమిన బెల్లం వేసి కలపండి. ఇంకా భద్రంగా ఉండాలంటే కప్పులోనే బెల్లం వేసి, మీద టీ పోసుకోండి.

చల్లని టీ ఫ్రిజ్‌లో పెట్టగానే మడ్డిగా మారుతోంది. పాడైందా?

పాడవలేదు. చిక్కని టీ చల్లారినప్పుడు కెఫీన్, పాలీఫెనాల్స్ ఒకదానికొకటి అతుక్కుని నీళ్లలో కరగకుండా తేలతాయి. కొన్ని వేడినీళ్లు కలిపితే మళ్లీ తేటపడుతుంది. నీలగిరి టీలు ఈ విషయంలో మంచివి, చల్లబడినా తేటగానే ఉంటాయి. చల్లని టీ తయారీకి వీటికి పేరు రావడానికి అదో కారణం.

అసలు వేడి లేకుండానే చేయవచ్చు. లీటరు చల్లని తాగునీటిలో ఎనిమిది నుంచి పది గ్రాముల ఆకు టీ వేసి, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున వడకట్టండి. చల్లని నీటిలో కెఫీన్, టానిన్లు తక్కువగా దిగుతాయి. కాబట్టి చక్కెర లేకుండానే తాగేంత మెత్తగా ఉంటుంది. మే నెలలో తాటిముంజల ముక్కలు వేసుకుని ఒకసారి తాగి చూడండి. ముంజలకు సొంత రుచి తక్కువ కాబట్టి టీ వాసన వాటిలోకి బాగా ఎక్కుతుంది. పుదీనా, దానిమ్మ గింజలు, బత్తాయి రసం కూడా బాగుంటాయి. రెండు రోజులకు మించి నిల్వ ఉంచకండి.

సీసాలో నీళ్లు, టీ వేసి ఎండలో పెడితే దిగుతుందట. మన ఎండలకు ఇంకా త్వరగా అవుతుంది కదా?

దిగుతుంది గానీ చేయకండి. ఎండలో నీళ్లు బ్యాక్టీరియా చచ్చేంత వేడెక్కవు, పెరిగేంత గోరువెచ్చగా గంటల తరబడి ఉంటాయి. ఫ్రిజ్ ఉండగా ఈ సాహసం దేనికి?

మల్లెపూలతో టీ ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. నన్నడిగితే ఈ జాబితాలో మొదట ప్రయత్నించాల్సింది ఇదే. చైనాలోని ఫూజియాన్ ప్రాంతంలో ప్రసిద్ధమైన జాస్మిన్ టీకి వాడే పువ్వు మన వాకిళ్లలో పూసే మల్లె జాతిదే. అక్కడ మొగ్గలను పగటిపూట కోసి, సాయంత్రం విచ్చుకునే వేళకు ఆకుతో కలిపి గుట్టపోస్తారు. రాత్రంతా పువ్వు వదిలే సువాసనను ఆకు పీల్చుకుంటుంది. తెల్లవారాక పువ్వులు ఏరి, తేమ ఆరబెట్టి, మరో రాత్రి కొత్త పువ్వులతో మళ్లీ కలుపుతారు. మంచి రకాలకు ఇలా చాలాసార్లు చేస్తారు.

ఇంట్లో అయితే గాజు సీసాలో ఒక పొర గ్రీన్ టీ ఆకు, ఒక పొర విచ్చుతున్న మల్లెమొగ్గలు, మళ్లీ ఆకు వేసి, మూత వదులుగా పెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున్నే పువ్వులన్నీ తీసేయండి. ఒక్కటి మిగిలినా ఆకుకు వాడిన పూల వాసన పడుతుంది. ఆకును వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టండి. పూలు మాత్రం పెరట్లో పూసినవై ఉండాలి. బజారులో మూరలెక్కన అమ్మే పూలపై మందులు కొట్టి ఉండవచ్చు, వాటితో టీ వద్దు.

ఆకుకు ఇంతగా వాసన పీల్చే గుణం ఉంది కాబట్టే టీ డబ్బాను సాంబారు పొడి, ఇంగువ, కర్పూరం పక్కన పెట్టకూడదు.

పాలు లేని టీలో మన దగ్గర చెప్పుకోదగ్గదేమైనా ఉందా?

సులేమానీ ఉంది. కేరళ మలబారులోనూ, హైదరాబాద్‌లోనూ బిర్యానీ తిన్నాక తాగుతారు. నీళ్లలో రెండు యాలకులు, చిన్న దాల్చినచెక్క ముక్క, ఒక లవంగం, చక్కెర వేసి మరిగించి, పొయ్యి కట్టేసి అర చెంచా టీ పొడి వేయండి. ఒకటి రెండు నిమిషాలకే వడకట్టి, గ్లాసులో పోశాక నిమ్మరసం పిండండి. నిమ్మ పడగానే రంగు ముదురు ఎరుపు నుంచి తేనె రంగులోకి తేలిపోతుంది. పులుపు తగిలితే టీ రంగు పదార్థాలు లేతబడటమే దీనికి కారణం.

కశ్మీర్ టీ గులాబీ రంగులో ఉంటుంది. రంగు కలుపుతారా?

సరిగ్గా చేస్తే అక్కర్లేదు. నూన్ చాయ్ అనే ఆ టీలో, సులేమానీలో నిమ్మ చేసేదానికి తలకిందుల పని జరుగుతుంది. గ్రీన్ టీ ఆకును చిటికెడు వంట సోడాతో చాలాసేపు మరిగిస్తే క్షార గుణానికి కషాయం ముదురు ఎరుపుకు తిరుగుతుంది. మధ్యలో చల్లని నీళ్లు పోస్తూ, గరిటెతో ఎత్తి పోస్తూ గాలి తగిలేలా చేస్తారు. ఆ ఎరుపులో పాలు పడితే గులాబీ రంగు. చక్కెర బదులు ఉప్పు వేస్తారు. ఓపిక ఉన్నవాళ్ల టీ ఇది. సోడా ఎక్కువైతే మాత్రం నోరంతా జారుడుగా ఉంటుంది.

కాఫీ, టీ కలిపి తాగేవాళ్లుంటారా?

హాంకాంగ్‌లో ఉన్నారు. అక్కడ యువాన్‌యాంగ్ అనే పానీయంలో చిక్కని పాల టీ ఏడు పాళ్లకు కాఫీ మూడు పాళ్లు కలుపుతారు. ఫిల్టర్ డికాక్షన్ దిగే ఇంట్లో దీనికి ప్రత్యేకంగా కొనాల్సిందేమీ లేదు.

శనగల కూరలో టీ పొడి ఎందుకు వేస్తారు?

ప్రధానంగా రంగు కోసం. పంజాబీ ఛోలేలో కాబూలీ శనగలు నల్లగా నిగనిగలాడటం వెనక ఎండు ఉసిరికాయ, టీ ఉంటాయి. పావుకిలో శనగలను రాత్రి నానబెట్టండి. రెండు చెంచాల టీ పొడిని పలుచని తెల్లగుడ్డలో మూటకట్టి, ఉప్పు, ఒక నల్ల యాలకు, బిర్యానీ ఆకుతో పాటు కుక్కర్‌లో వేసి ఉడికించండి. తర్వాత మూట తీసేయండి. ముడి గట్టిగా వేయకపోతే కూరంతా పొడి చెదిరి, ఏరడం ఎవరి వల్లా కాదు. టీ రుచి విడిగా తెలియదు, మసాలాకు ఒక లోతు వస్తుంది. సాయంత్రం గుగ్గిళ్లకు కూడా శనగలను ఇలా ఉడికించి, కొబ్బరి కోరు, పచ్చిమిర్చి, కరివేపాకు పోపు పెట్టి చూడండి. కందిపప్పుకు, పెసరపప్పుకు ఈ పద్ధతి వద్దు, బురద రంగు తప్ప ఒరిగేదేమీ ఉండదు.

టీ గుడ్లు అంటే ఏమిటి? ఎలా చేస్తారు?

చైనా, తైవాన్ వీధుల్లో పెద్ద కుండల్లో మరుగుతూ కనిపించే చిరుతిండి. చేయడం తేలిక, చూడటానికి గొప్పగా ఉంటుంది. ఆరు గుడ్లను ఎనిమిది నిమిషాలు ఉడికించి చన్నీళ్లలో వేయండి. పెంకును చెంచా వెనకభాగంతో చుట్టూ మెల్లగా తట్టండి. పగుళ్లు సన్నగా, దట్టంగా రావాలి, పెంకు ఊడకూడదు. మూడు కప్పుల నీళ్లలో రెండు పెద్ద చెంచాల టీ పొడి, మూడు పెద్ద చెంచాల సోయా సాస్, ఒక అనాసపువ్వు, దాల్చినచెక్క, కాస్త బెల్లం వేసి మరిగించి, అందులో గుడ్లను సన్నని మంట మీద అరగంట ఉంచండి. చల్లారాక ఆ నీళ్లతోనే ఫ్రిజ్‌లో రాత్రంతా ఊరనివ్వండి. పొద్దున పెంకు ఒలిస్తే తెల్లసొన మీద గోధుమరంగు గీతలు చలువరాతి మీది చారల్లా కనిపిస్తాయి.

సోయా సాస్ లేకపోతే ఉప్పు పెంచండి. రంగు కొంచెం తగ్గుతుంది, అంతే. వీటిని సగానికి కోసి, మిరియాల పొడి చల్లి వేడి అన్నంలో నెయ్యితో తిన్నా బాగుంటాయి.

తేయాకుతో పొగ పెట్టడం ఇంటి వంటగదిలో సాధ్యమా?

సాధ్యమే. కిటికీలు తెరిచి, పొగను లాగే ఫ్యాన్ వేసుకోండి. చైనాలోని సిచువాన్‌లో బాతు మాంసానికి తేయాకు, కర్పూర చెట్టు ఆకులతో ఇలా పొగపెట్టే పద్ధతి ఉంది. ఇంట్లో అయితే పాత ఇనుప మూకుడు అడుగున ఫాయిల్ పరిచి, బియ్యం, చక్కెర, టీ పొడి ఒక్కో పావుకప్పు కలిపి వేయండి. పైన జల్లి స్టాండ్ మీద ముందే ఉడికించిన కోడిమాంసం గానీ పనీర్ ముక్కలు గానీ పెట్టండి. పొగ లేవగానే మూత బిగించి, పది నిమిషాలకు పొయ్యి కట్టేయండి. నాన్‌స్టిక్ గిన్నె ఈ పనికి ప్రమాదం, ఖాళీగా అంత వేడెక్కితే దాని పూత నుంచి హానికర పొగలు వస్తాయి. ఈ పొగ మాంసానికి రంగు, వాసన ఇస్తుందే తప్ప పచ్చిదాన్ని ఉడికించదు.

అన్నంలో టీ పోసుకుని తింటారా?

జపాన్‌లో తింటారు. ఒచాజుకె అంటారు. మిగిలిన అన్నం మీద వేడి గ్రీన్ టీ పోసి, ఉప్పులో ఊరిన ఉమెబోషి పండు, చేప ముక్క, నువ్వులు వేసుకుంటారు. రాత్రి పూట తేలిగ్గా తినాలనుకున్నప్పుడు బాగుంటుంది. ఉమెబోషి దొరకకపోతే ఉప్పులో ఊరిన నిమ్మకాయ ముక్క పెట్టుకోండి. ఆవకాయ మాత్రం టీని పూర్తిగా మింగేస్తుంది.

తేయాకును నేరుగా తినవచ్చా?

బర్మాలో తినడానికే ఊరబెడతారు. లేత ఆకును ఆవిరి పట్టి, నొక్కిపెట్టి నెలల తరబడి పులియబెడితే లఫెట్ అవుతుంది. దాన్ని నూనె, వేయించిన వెల్లుల్లి, పల్లీలు, నువ్వులు, వేయించిన చిక్కుడు గింజలు, టమాటా, క్యాబేజీతో కలిపి తింటారు. బ్రిటిష్ కాలంలో బతుకుతెరువుకు రంగూన్ వెళ్లిన తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు. మన టీ పొడితో ఇది చేయాలని చూడకండి. ఎండబెట్టిన పొడి ఎంత నానినా ఇసుకలా పంటికి తగులుతుంది. దానికి పచ్చి ఆకు కావాలి.

స్వీట్లలో, కేకుల్లో ఎలా వాడాలి?

రెండు దారులున్నాయి. ఒకటి, పాలలో దించడం. లీటరు పాలు కాగాక పొయ్యి కట్టేసి, రెండు పెద్ద చెంచాల ఆకు టీ వేసి, అయిదు నిమిషాలకు వడకట్టి, ఆ పాలతో సేమ్యా పాయసం గానీ కుల్ఫీ గానీ చేయండి. యాలకులు సగానికి తగ్గించండి, లేకపోతే గిన్నెలో పోసిన మసాలా టీలా ఉంటుంది.

రెండోది, ఎండుపళ్లను టీలో నానబెట్టడం. ఐర్లండ్ వాళ్ల బార్మ్‌బ్రాక్, వేల్స్ వాళ్ల బారా బ్రిత్ అనే ఎండుపళ్ల రొట్టెలు ఇలా చేసేవే. మూడు వందల గ్రాముల ఎండుద్రాక్ష, ఖర్జూరం ముక్కలను పావు లీటరు చిక్కని వేడి టీలో, నూట యాభై గ్రాముల బెల్లం తురుముతో రాత్రంతా నానబెట్టండి. పొద్దున ఒక గుడ్డు, రెండు వందల పాతిక గ్రాముల మైదా, రెండు చెంచాల బేకింగ్ పౌడర్, కాస్త దాల్చినచెక్క పొడి కలిపి, నూట డెబ్బై డిగ్రీల దగ్గర గంటసేపు బేక్ చేయండి. వెన్న గానీ నూనె గానీ అక్కర్లేదు. పండు పీల్చుకున్న టీయే కేకును తడిగా ఉంచుతుంది. ఒక రోజు ఆగి కోస్తే ముక్క విరగదు. వెన్న రాసుకుని తింటే దాని దారే వేరు.

కొంబుచా ఇంట్లో చేయమంటారా?

శుభ్రత మీద పట్టు ఉంటేనే. తీపి టీని బ్యాక్టీరియా, ఈస్ట్‌ల ముద్దతో పులియబెట్టే పానీయం ఇది. గాజు సీసా తప్పనిసరి. మన వేసవిలో వేగంగా పులిసి వెనిగర్ అయిపోతుంది. కొద్దిగా ఆల్కహాల్ కూడా తయారవుతుంది కాబట్టి పిల్లలకు, గర్భిణులకు వద్దు.

టీ వేసిన వంటల్లోనూ కెఫీన్ ఉంటుందా? ఎంతవరకు పరవాలేదు?

ఉంటుంది, వేడికి పోదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించగా 2024లో వెలువడిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రోజుకు మొత్తం 300 మిల్లీగ్రాములు దాటకూడదు. రాత్రి టీ పాయసం తిన్న పిల్లలు పడుకోకపోతే ఆశ్చర్యపోకండి. గర్భిణులు తమ పరిమితిని డాక్టరునే అడగాలి.

ఆ మార్గదర్శకాలే భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ తాగవద్దంటాయి. ఆకుకూరలు, పప్పుల నుంచి వచ్చే ఇనుమును టానిన్లు ఒంటికి పట్టనివ్వవు. రక్తహీనత ఉన్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. టీ మూట వేసి ఉడికించిన శనగలకూ ఇది కొంతవరకు వర్తిస్తుంది. తినే ముందు నిమ్మకాయ పిండుకుంటే సి విటమిన్ కొంత సరిచేస్తుంది.

పొడిలో రంగు కలిపారేమో ఎలా తెలుస్తుంది?

తెల్లని వడపోత కాగితం మీద చెంచా పొడి పరిచి, నీళ్లు చిలకరించి తడపండి. కాసేపటికి పొడి తీసేసి, కాగితాన్ని కుళాయి కింద కడిగి వెలుతురులో చూడండి. ముదురు మరకలు పడితే రంగు కలిసినట్టే. స్వచ్ఛమైన పొడి అయితే మరక దాదాపు కనిపించదు. ఇనుప రజను ఉందేమోనని అనుమానమైతే పొడి మీద అయస్కాంతం తిప్పండి.

వాడేసిన పిప్పిని మళ్లీ వంటలో వాడవచ్చా?

పాలు, చక్కెర తగిలిన పిప్పి వంటకు పనికిరాదు, గంటల్లో పులుస్తుంది. ఉత్త నీళ్లలో దించిన మంచి ఆకు టీ అయితే వెంటనే రెండోసారి నీళ్లు పోసుకోవచ్చు, కొన్ని రకాలు రెండోసారే ఇంకా మెత్తగా ఉంటాయి. మిగిలినదంతా మొక్కలకే. పిప్పిని నీళ్లతో బాగా కడిగి, ఆరబెట్టి ఎరువు తొట్టిలోనో, గులాబీ కుండీలో మట్టితో కలిపో వేయండి. కడగకుండా వేస్తే గులాబీ కన్నా ముందు చీమలు వస్తాయి.